ఒకే మొన మీద మూడు లైట్‌హౌస్‌లు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్‌లో, పోర్ట్‌ల్యాండ్ అనే రాతి దీవి ఉంది. పేరుకే దీవి. చెసిల్ బీచ్ అనే పొడవాటి గులకరాళ్ల కట్ట దాన్ని నేలతో కలిపే ఉంచుతుంది. ఆ దీవి దక్షిణపు కొసని పోర్ట్‌ల్యాండ్ బిల్ అంటారు. అక్కడ మొదట కంట పడేది తెల్లటి గోడకి ఎర్ర పట్టీ ఉన్న 41 మీటర్ల లైట్‌హౌస్. వెనక్కి తిరిగితే ఇంకో రెండు పాతవి కనిపిస్తాయి. నడిచి చుట్టి రాగలిగినంత చోటులో మూడెందుకు?

1716 సెప్టెంబరు 29న ఇక్కడ రెండు దీపాలు ఒకేసారి వెలిగాయి. ఒకటి గట్టు మీద, రెండోది దానికన్నా కిందుగా, నీటికి దగ్గరగా. చీకట్లో ఒక్క దీపమే కనబడితే నావికుడికి తీరం ఎటుందో తెలుస్తుంది, అంతే. తన ఓడ దారిలోనే ఉందా, పక్కకి పోయిందా అన్నది తెలియదు. రెండు దీపాలుంటే అదీ తెలుస్తుంది. కావాలంటే ఒక కన్ను మూసి, ఒక వేలు ముఖానికి దగ్గరగా, ఇంకో చేతి వేలు దాని వెనక దూరంగా పెట్టి చూడండి. తల రవ్వంత కుడికి జరిపితే చాలు, దగ్గరి వేలు ఎడమకి తప్పుకున్నట్టు కనిపిస్తుంది. నావికుడు చూసేదీ అదే. కింది దీపం సరిగ్గా పై దీపం కింద ఉంటే ఓడ గీత మీద ఉన్నట్టు. కింది దీపం ఎడమకి జరిగితే ఓడ కుడికి వచ్చేసినట్టు. పరికరం అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. రెండు మంటలతో సముద్రం మీద గీత గీసిన ఈ ఉపాయం నాకెప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

ఆ గీత తప్పితే ఏమవుతుందో మొన చివర నిలబడితే కళ్లకి కడుతుంది. పెద్దగా గాలి లేని రోజు కూడా ఎదురుగా కొంత మేర నీళ్లు ఉడుకుతున్నట్టు లేస్తుంటాయి. దాన్ని పోర్ట్‌ల్యాండ్ రేస్ అంటారు. ఇంగ్లిష్ చానెల్‌లో ఆటుపోట్లతో పారే నీటికి ఈ దీవి అడ్డుగోడ. దాంతో నీరు దీవికి రెండు పక్కలా దక్షిణానికి మళ్లి, కొసదాకా వచ్చి, అసలు ప్రవాహాన్ని ఢీకొంటుంది. పైగా మీ కాళ్ల కింది రాయి ఒడ్డుతో ఆగిపోదు, అరుగులా నీటి అడుగున ఇంకా ముందుకి పోతుంది. లోతు నుంచి వచ్చే ప్రవాహం ఆ అరుగు ఎక్కాల్సి రావడంతో పైన అలలు చెల్లాచెదురవుతాయి. తూర్పున షాంబుల్స్ అనే ఇసుక, గవ్వల మేట ఉంది. రేస్‌కీ ఆ మేటకీ మధ్యనున్న దారినే దీపాలు చూపించేవి.

ఆ రాయినీ వంగి చూడాలి. ఇది సుమారు 14.5 కోట్ల ఏళ్ల కిందట వెచ్చటి, లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న సున్నపురాయి. పై పొరల్లో కొన్నిచోట్ల మరమేకు దిగినట్టు సన్నటి మెలికల గుంటలుంటాయి. అవి నత్తల అచ్చులు. గుల్ల కరిగిపోయి లోపలి ఆకారం మాత్రం మిగిలింది. గనివాళ్లు వాటిని పోర్ట్‌ల్యాండ్ స్క్రూ అంటారు. లండన్ సెయింట్ పాల్స్ కెతీడ్రల్ కట్టింది ఈ దీవి రాయితోనే.

దీపాల సంగతికొస్తే, మొదట్లో అవి బొగ్గు మంటలు. వాటిని కౌలుకిచ్చారు, కౌలుదార్లు సరిగ్గా చూసుకోలేదు. 1752లో తనిఖీకి సముద్రం మీదుగా వచ్చిన, ఇంగ్లండ్ లైట్‌హౌస్‌లని చూసుకునే ట్రినిటీ హౌస్ సంస్థ ప్రతినిధులకి పొద్దు గుంకాక దాదాపు రెండు గంటలదాకా ఒక్క వెలుగూ కనబడలేదు. ఆ రెండు గంటల్లో వచ్చే ఓడల గతేమిటి? 1788లో ఇక్కడ ఆర్గాండ్ దీపాలు పెట్టారు, ఇంగ్లండ్ లైట్‌హౌస్‌లలో ఇదే మొదటిసారి. వాటిలో వత్తి గొట్టంలా బోలుగా ఉంటుంది. గాలి లోపలి నుంచీ బయటి నుంచీ మంటకి అందుతుంది, పైనున్న గాజు చిమ్నీ ఆ గాలిని లాగుతుంది. నూనె బాగా కాలి, పొగ తగ్గి, వెలుగు పెరుగుతుంది.

అయినా 1805 ఫిబ్రవరి 5న, బెంగాల్, చైనాలకి బయల్దేరిన ఈస్టిండియా కంపెనీ ఓడ ఎర్ల్ ఆఫ్ అబర్గవెనీ షాంబుల్స్ మేటకి కొట్టుకుంది. కెప్టెన్ జాన్ వర్డ్స్‌వర్త్, కవి విలియం వర్డ్స్‌వర్త్ తమ్ముడు. చీకటి వల్ల జరిగిన ప్రమాదం కాదిది. గాలి పడిపోయింది, తెరచాప ఓడని ప్రవాహం ఈడ్చుకుపోయింది. ఆయనతో సహా 250 మందికి పైగా చనిపోయారు.

1906లో మొన చివర ఇప్పటి లైట్‌హౌస్ వెలిగాక పాత రెండూ ఆగిపోయాయి. దీని గుర్తు 20 సెకన్లకి నాలుగు మెరుపులు. లెక్కపెడితే చాలు, వేరే ఏ దీపంతోనూ పొరపడరు. మరి రెండు దీపాలు గీసిన గీత? దాని బదులు అదే స్తంభంలో కిందుగా ఆరకుండా వెలిగే ఎర్ర దీపం పెట్టారు. అది అన్ని వైపులా కనబడదు, షాంబుల్స్ వైపున్న సన్నటి మేరలోనే కనబడుతుంది. ఓడ మీదున్న మనిషికి ఎరుపు కనిపించిందంటే మేట ఉన్న దిక్కులోకి వచ్చేశాడన్నమాట. ఓడని మళ్లిస్తాడు. ఎరుపు మాయమై, తెల్లటి మెరుపులు మాత్రం మిగులుతాయి.