చిన్న వయసులో సొంత వ్యాపారం: బాదేపల్లి గానుగ దగ్గర నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

2017 జనవరిలో మహబూబ్‌నగర్ జిల్లా బాదేపల్లిలో పల్లి నూనె తీసే కట్టె గానుగ పెట్టినప్పుడు నాకు 23 ఏళ్లు. పెద్ద నోట్లు రద్దై అప్పటికి రెండు నెలలు. మార్కెట్ యార్డుకు పల్లికాయ వస్తోంది, కొనేవాళ్ల దగ్గర నోట్లు లేవు. ఆ జూలైలో జీఎస్టీ వచ్చింది, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అన్నీ దాటి గానుగ ఇంకా తిరుగుతోంది. ఇప్పుడు వనపర్తి, కల్వకుర్తి, అచ్చంపేట నుంచి, అటు దేవరకొండ నుంచి కూడా డిగ్రీ అయిన పిల్లలు వచ్చి అడుగుతుంటారు: "అన్నా, ఏం పెడితే బాగుంటది?" నిజానికి ఏం పెట్టాలో చాలామంది ముందే అనుకొని వస్తారు, వాళ్ల ఆలోచనలు కూడా బాగానే ఉంటాయి. తేడా కొట్టేది పైసల లెక్కలో, ఎవరో చెబితే నమ్మిన మాటల్లో. ఆ మాటల గురించే ఇది.

అపోహ: చిన్న వయసు కదా, పోతే పోయేదేముంది?

నేను ఎక్కువగా వినేది ఈ మాటే. వింటే భయమేసేదీ ఈ మాటే. 23 ఏళ్ల పిల్లగాని పేరు మీద ఏముంటుంది? పెట్టుబడి నాయిన పట్టా పాసుబుక్కు మీద వస్తుంది, లేదంటే అమ్మ పుస్తెలతాడు గిర్వి పెడితే వస్తుంది. నారాయణపేటలో నాకు తెలిసిన ఒక అమ్మాయి చీరల వ్యాపారానికి వాళ్లమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. రెండు కిస్తీలు తప్పాయి. బ్యాంకు ఆ అమ్మాయిని అడగలేదు, సంఘంలో మిగతా ఆడవాళ్లు వాళ్లమ్మను అడిగారు. వాళ్లమ్మ ఆ నెలంతా మీటింగుకు పోలేదు. ఆ చెల్లె తర్వాత నిలదొక్కుకుంది, బాకీ తీర్చింది. కానీ పోయేదేముంది అని ఆమె ముందు ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు.

చిన్న వయసు వల్ల నిజంగా కలిసొచ్చేది ఇంకొకటి ఉంది: మన ఖర్చు తక్కువ. మొదటి 14 నెలలు నేను గానుగ నుంచి జీతమని ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇంట్లో తిన్నా, నాయిన పాత బండి నడిపినా. ఇప్పుడు ఇద్దరు పిల్లల ఫీజులు కడుతున్నా, 14 నెలలు ఖాళీ చేతులతో ఉండమంటే ఉండలేను. ఆ 14 నెలలే నా అసలు పెట్టుబడి, అది 23లో దొరుకుతుంది, 35లో దొరకదు.

మా నాయిన బొంబాయిలో 11 ఏళ్లు సెంట్రింగు పని చేసి వచ్చినోడు. గానుగ పెడతానంటే వద్దనలేదు. "మూడు లక్షలు ఇస్తా. అవి పోతే పోయినయ్ అనుకుంటా. నాలుగో లక్ష అడగకు, భూమి జోలికి పోకు" అన్నాడు. అంతకంటే మంచి వ్యాపార సలహా నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. ఎంత పోగొట్టుకోగలరో మొదలుపెట్టకముందే ఇంట్లో అందరి ముందు కూర్చుని ఒక అంకె రాసుకోండి.

అపోహ: వ్యాపారం ఇంటా వంటా ఉండాలి

మా ఇంట్లో ఎవరూ తక్కెడ పట్టలేదు. వ్యాపారం చేసే ఇళ్లలో పిల్లలకు పుట్టుకతో వచ్చేదేమీ లేదు, చిన్నప్పటి నుంచి దుకాణంలో కూర్చోవడం వల్ల కంటికి, చేతికి కొన్ని అలవాటవుతాయి. అవి మనమూ నేర్చుకోవచ్చు, కాకపోతే ఎవరి దగ్గరైనా పని చేయాలి. డిగ్రీ అయ్యాక ఒక నూనె మిల్లులో ఎనిమిది నెలలు గుమస్తాగా చేశా. జీతం తక్కువ, పని ఎక్కువ. యార్డులో కాయ చూడటం అక్కడే వచ్చింది. గుప్పెడు కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమనాలి. శబ్దం రాకపోతే పచ్చి ఉన్నట్టు. సంచి పైన కాదు, చెయ్యి మోచేతి దాకా దూర్చి అడుగు నుంచి తీయాలి. వంద గ్రాముల కాయ ఒలిచి గింజ తూస్తే 70 గ్రాములకు అటూఇటూ రావాలి, 62 వస్తే ఆ లాటు వదిలేయాలి. గింజను రెండుగా విరిచి లోపల నలుపు, బూజు చూడాలి. పచ్చి కాయ గోదాములో పెడితే బూజు పడుతుంది, ఆ బూజు వల్ల గింజలో విషం పుడుతుంది, నూనెలో ముక్కిన వాసన వస్తుంది. ఇదంతా ఏ వీడియోలోనూ చేతికి రాదు.

చదువు మానేసి దిగాలనే మాట కూడా వింటుంటా. నాకైతే బీకాంలో నేర్చుకున్న పద్దులు ఈ రోజుకీ పనికొస్తున్నాయి.

అపోహ: చిన్నోళ్లను ఎవరూ నమ్మరు

ఇది సగం నిజం, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

మొదటి నెలలో ఒక పెద్దాయన స్టీలు డబ్బా పట్టుకొని వచ్చాడు. గల్లా దగ్గర నేనే కూర్చున్నా. నన్ను దాటి లోపలికి చూసి "బిడ్డా, సేటు లేడా?" అన్నాడు. "నేనే తాతా, చెప్పు" అన్నా. "నువ్వు కాదు బిడ్డా, మీ నాయినను పిలువు." నాయిన పొలం కాడ ఉన్నాడని చెబితే కాసేపు నిలబడ్డాడు. పోతాడనుకున్నా. అరచెయ్యి చాపి రెండు చుక్కలు పొయ్యమన్నాడు. రెండు చేతులు రుద్దుకొని ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్లు మూసి వాసన చూశాడు. "అర్ధ లీటరు పొయ్యి" అన్నాడు. తర్వాతి వారం లీటరు డబ్బా తెచ్చాడు. సేటును అడగలేదు.

కొనేవాళ్ల నమ్మకం సరుకుతో వస్తుంది. మనకు సరుకు ఇచ్చేవాళ్ల నమ్మకం మాత్రం తారీఖుతో వస్తుంది. యార్డులో కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు నా పక్కన నిలబడ్డ పాత వ్యాపారికి 15 రోజుల గడువు ఇచ్చి, అదే కాయకు నన్ను అక్కడికక్కడే పైసలు పెట్టమన్నాడు. అప్పుడు అవమానంగా తోచింది. ఇవాళ నేను నలుగురికి ఉద్దెర ఇచ్చేచోట కూర్చున్నాక ఆయన వైపు నుంచి తెలుస్తోంది: నన్ను కొలవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అందుకని నేనే ఒక కొలత ఇచ్చా. ఐదు సంచులకు మూడు రోజుల గడువు అడిగి రెండో రోజే పైసలు కట్టినా. తర్వాత పది సంచులు, వారం గడువు, ఆరో రోజే జమ. రెండో సీజనుకు నాకూ 15 రోజులు దొరికాయి. ఒకసారి ఆలస్యమయ్యేలా ఉంటే ముందు రోజే ఫోన్ చేసి చెప్పినా, ఆయన ఏమీ అనలేదు. చిన్న వయసులో ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం కన్నా పెద్ద నష్టం లేదు.

అపోహ: గిరాకీ నడుస్తుంటే వ్యాపారం నడుస్తున్నట్టే

నన్ను ముంచబోయింది ఇదే. రెండో ఏడు హైవే మీద ఒక హోటలు వారానికి 40 లీటర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. మొదటి నెల పైసలు ఠంచనుగా వచ్చాయి. తర్వాత "వచ్చే సోమవారం తమ్మీ" అయింది. అంత పెద్ద గిరాకీ పోతుందేమోనని అడగడానికి మొహమాటపడ్డా. బాకీ 62,400 అయింది. నోటుబుక్కులో లాభం కనబడుతోంది, గల్లాలో ఏమీ లేదు.

అప్పుడే జనవరి వచ్చింది. పాలమూరులో యాసంగి పల్లి ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా దిగుతుంది. ఏడాదికి సరిపడా కాయ ఆ మూడు నెలల్లోనే కొని పెట్టుకోవాలి. అంటే పైసలన్నీ ఒక్కసారే కావాలి. నా పైసలు హోటలు దగ్గర ఉన్నాయి. రెండు లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చినా. రెండు రూపాయలంటే చిన్నగా వినబడుతుంది, నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. ఆరు నెలలకు 24,000 మిత్తి కట్టినా. బ్యాంకులో 11 శాతానికి దొరికి ఉంటే 11,000తో పోయేది. ఆ తేడా 13,000 నా మొహమాటం ఖరీదు.

హోటలు ఆయన చివరికి చెక్కు ఇచ్చాడు, అది బౌన్సయింది. "ఇంకో పది రోజులు ఆగు, చెక్కు మళ్లీ బ్యాంకులో వెయ్యి" అన్నాడు, ఆగినా. చెక్కు బౌన్సయినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. చెక్కును మళ్లీ బ్యాంకులో వేయాలన్నా దాని మీద తారీఖు నుంచి మూడు నెలలే చెల్లుతుంది. నాకు ఇవన్నీ తెలిసేసరికి అన్ని గడువులూ దాటాయి. 62,400లో 20,000 వచ్చాయి. మిగతావి వదిలేసినా.

ఆ తర్వాత కొన్ని మార్చుకున్నా. ఏ ఒక్కరి బాకీ నా ఒక నెల అమ్మకంలో పదో వంతు దాటనివ్వను. చిన్న పరిశ్రమగా సర్కారు దగ్గర చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ నంబరు, గడువు రోజులు ప్రతి బిల్లు మీద అచ్చు వేయిస్తా. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో కట్టాలని 2006 చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. వారం వారం కొనే హోటలు మీద కేసు వేయడం అందరికీ కుదరదు, నాకు తెలుసు. కానీ బిల్లు మీద ఆ అంకె ఉంటే అడగడానికి నోరు వస్తుంది. 22 ఏళ్ల పిల్లలకు అన్నిటికంటే ముందు రావాల్సిన విద్య ఇది: మన పైసలు మనం తల దించకుండా అడగడం.

అపోహ: సరుకు ఖరీదు పోను మిగిలిందంతా లాభం

లెక్క ఒకసారి చూద్దాం. క్వింటాలు కాయ 7,000 అనుకోండి. ఒలిస్తే 68 కిలోల గింజ. కట్టె గానుగలో లీటరు నూనెకు 2.3 కిలోల దాకా పడుతుంది కాబట్టి 30 లీటర్లు వస్తాయి. నూనె తీశాక మిగిలే 39 కిలోల చెక్క పాడి రైతులకు కిలో 40 లెక్కన అమ్మితే 1,560. పోను 5,440, లీటరుకు 181. హమాలీ, ఒలిచిన కూలి, కరెంటు, సీసా, లేబులు, కిరాయి, తరుగు, మిత్తి కలిపితే ఇంకో 50. ఇక్కడికి 231 అయింది కదా అని 245కి అమ్ముతారు, 14 రూపాయలు మిగిలాయనుకుంటారు. నెలకు 500 లీటర్లు తీస్తూ, మీ కష్టానికి 20,000 వేసుకుంటే లీటరుకు 40 పడుతుంది. అంటే మీ జీతం కలిపిన అసలు ఖరీదే 271. మొదట్లో జీతం తీసుకోకపోయినా లెక్కలో రాయాల్సిందే. లేకపోతే ఆ తక్కువ ధరకు గిరాకీ అలవాటు పడుతుంది, రేపు పెంచితే పోతుంది.

ఇంకొకటి. లీటరు పల్లి నూనె 910 గ్రాములే తూగుతుంది. కిలో అడిగినవాళ్లకు లీటరు సీసా ఇస్తే 90 గ్రాములు తక్కువ ఇచ్చినట్టు. అడగకముందే చెప్పండి.

అపోహ: సర్కారు సబ్సిడీతో మొదలుపెట్టొచ్చు

సబ్సిడీ నిజమే, కానీ అది మొదట్లో చేతికి రాదు. సొంత యూనిట్ పెట్టేవాళ్లకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ చూడండి. పల్లెలో 5 లక్షల యూనిట్ పెట్టే బీసీ యువకుడికి 35 శాతం, అంటే 1,75,000 సబ్సిడీ. సొంత వాటా 5 శాతం, 25,000. మిగతా 4,75,000 మొత్తం ముందు బ్యాంకు అప్పుగానే వస్తుంది. ఆ సబ్సిడీ మీ పేరు మీద మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తోందని చూశాకే అప్పులో జమ చేస్తారు. భూమి ఖరీదు ప్రాజెక్టులో కలపరు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ పోతుంది, అప్పు మిగులుతుంది. 2015లో వచ్చిన ముద్ర అయితే అప్పే: శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తాకట్టు అడగరు, కానీ కిస్తీ తప్పితే సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో పడుతుంది. 24 ఏళ్లకు పడిన ఆ మచ్చ ఇల్లు కట్టుకునేటప్పుడు అడ్డం తిరుగుతుంది.

ఉద్యం రిజిస్ట్రేషన్‌కు సర్కారు ఒక్క రూపాయి తీసుకోదు. చేయిస్తానని రెండు వేలు అడిగేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆధార్, పాన్ ఉంటే ఫోన్లో మీరే చేసుకోండి.

అపోహ: 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదు

చాలా రాష్ట్రాల్లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. తెలంగాణలో 20 లక్షలు. వీడియోలు చూసి 40 అనుకొని కూర్చున్నవాళ్లకు నోటీసులు వచ్చాయి. గద్వాల, మక్తల్ వైపు పిల్లలకు ఇంకో మాట: పన్ను పడే సరుకు రాయచూరుకో కర్నూలుకో అమ్మితే పక్క రాష్ట్రం కిందికే వస్తుంది, మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. ఊరు 30 కిలోమీటర్లే కదా అంటే కుదరదు.

అపోహ: మనకు మనమే యజమాని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు

సీజనులో పొద్దున ఐదున్నరకు గానుగ తిప్పుతా. అడ్తిదారుకు, బ్యాంకుకు, హమాలీలకు, డబ్బా పట్టుకొని వచ్చే ప్రతి మనిషికీ జవాబు చెప్తా. దసరాకు ఊళ్లో దోస్తులందరూ కలిస్తే నేను లేను, ఆ రోజుల్లోనే నూనె ఎక్కువ పోతుంది. అది బాధే, దాచను.

వచ్చే జనవరిలో కాయ దిగుతుంది. నూనెతో, పల్లితో ఏదైనా పెట్టాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ నెలలో ఒకసారి బాదేపల్లి రండి, పొద్దున ఏడు లోపు. యార్డుకు తోలుకుపోతా. సంచిలో చెయ్యి ఎంత లోతు పెట్టాలో చూపిస్తా. వచ్చేటప్పుడు మీ ఇంట్లో రాసుకున్న ఆ అంకె చీటీ వెంట తెచ్చుకోండి, ముందు దాని గురించే మాట్లాడుకుందాం.