నిండు కాలువకి మోటారు

పాలకొల్లు దగ్గర్నుంచి ఒక రిటైర్డ్ మాష్టారు అడిగారు. సీడీ ప్లేయర్ ఉంది, స్పీకర్లని మోగించే పవర్ యాంప్ ఉంది, ఒక జత స్పీకర్లున్నాయి. ప్లేయర్‌లోనే వాల్యూమ్ ఉంది కాబట్టి నేరుగా యాంప్‌కి కలిపేసి వింటున్నారు. షాపాయన మాత్రం మధ్యలో మంచి ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ని సరిచేసి యాంప్‌కి అందించే పెట్టె, పడితేగానీ పాటకి ప్రాణం రాదంటున్నాడట. 45 వేలు. "పెట్టమంటారా?" అని ప్రశ్న.

ప్రీయాంప్ వెనకాల ఎన్ని సాకెట్లుంటాయి, రిమోట్ ఉంటుందా, ఇవన్నీ వదిలేద్దాం, బోరు. అసలు అడగాల్సినవి రెండే: ఎన్ని వోల్టులు వస్తున్నాయి, ఎన్ని ఓమ్‌ల గుండా వస్తున్నాయి. మిగతా కవిత్వమంతా ఆ తర్వాత.

రికార్డు ప్లేయర్ రోజుల్లో ప్రీయాంప్ లేకపోతే పనే జరిగేది కాదు. రికార్డు మీద నడిచే పిన్నుల్లో మూవింగ్ మ్యాగ్నెట్ రకం ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు, మూవింగ్ కాయిల్ అయితే అందులో పదోవంతు. పవర్ యాంప్ పూర్తిగా మోగాలంటే ఒక వోల్టు, ఒకటిన్నర వోల్టు కావాలి. అంటే మెరక మీద చేను, పల్లంలో నీళ్లు. తోడి పోయాల్సిందే, మోటారు తప్పదు.

1982లో సీడీ వచ్చాక కథ మారింది. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా ఇచ్చేది 2 వోల్టులు, డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చే ఈనాటి డాక్‌లూ దాదాపు అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టాకి ఏం జరిగిందో ఇక్కడా అదే జరిగింది. కాటన్ దొర నీటిని తోడలేదు, నది మట్టాన్ని ఎగువనే పైకి లేపాడు, ఆపైన కాలువల్లో నీళ్లు వాలుని బట్టి వాటంతట అవే చేలోకి నడిచొచ్చాయి. కాలువ నిండుగా పారుతున్న చోట రైతుకి కావలసింది మోటారు కాదు, ఎంత వదలాలో అంత వదిలే తూము తలుపు. దాన్ని తిప్పడానికి లస్కరు చాలు, ఇంజనుతో పనిలేదు.

లెక్క చూడండి. మామూలు పవర్ యాంప్ వోల్టేజిని 20 రెట్లు పెంచుతుంది, డెసిబెల్స్‌లో 26. 2 వోల్టులిస్తే అవతల 40 వోల్టులు రావాలి. 8 ఓమ్‌ల స్పీకర్ మీద 40 వోల్టులంటే 40ని 40తో గుణించి 8తో భాగిస్తే 200 వాట్లు. మీది 100 వాట్ల యాంప్ అయితే 1.41 వోల్టులకే దాని పని అయిపోయింది, ప్లేయర్ దగ్గర ఇంకా మిగులే. రాత్రిపూట ఇంట్లో వినేది సగటున ఒక వాటు కూడా ఉండదు, దానికి యాంప్ ముందు కావలసింది 0.14 వోల్టు. వచ్చే 2 వోల్టుల్లో పద్నాలుగో వంతు. ఇలాంటి చోట ఇంకో 10, 15 డెసిబెల్స్ పెంచే పెట్టె తెచ్చి పెడితే, నాబ్ గడియారం ముల్లులా ఎనిమిది గంటల దగ్గర్నుంచి తొమ్మిదికి వచ్చేలోపే ఇల్లు దద్దరిల్లుతుంది. నాబ్ వెనక ఉండే రెసిస్టర్‌ని పాట్ అంటారు, చవక వాల్యూమ్ పాట్‌లకి సరిగ్గా ఆ మొదటి కొసలోనే రెండు చానెళ్లూ సమానంగా నడవవు. మధ్యలో నిలబడి పాడాల్సిన గాయని కుడివైపుకో ఎడమవైపుకో జరిగి కూర్చుంటుంది. నాబ్ కాస్త పెంచితే మళ్ళీ మధ్యకి వస్తుంది. ఈ రోగం చాలా ఇళ్లలో విన్నాను, నింద మాత్రం పాపం స్పీకర్లకి పడుతుంది.

అయితే తూము ఒకటుంటే చాలా, అంటే ఇక్కడే నాకిష్టమైన మెలిక ఉంది.

ప్యాసివ్ ప్రీయాంప్ అని అమ్ముతారు, కరెంటు అక్కర్లేదు, డబ్బాలో ఉండేది ఒక పాట్, నాలుగు సాకెట్లు. శుద్ధమైన ధ్వని అని దానికో భక్తబృందం, ప్రాణం లేని ధ్వని అని దానికో శత్రువర్గం. ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు, ఎందుకంటే ఇద్దరి కేబుళ్లూ ఒకటి కాదు. ఉప్పుటేరు పక్కన రొయ్యల చెరువు ఊహించండి, ఏటికీ చెరువుకీ మధ్య ఒక పైపు. పైపు లావుగా ఉంటే ఏట్లో మట్టం ఎలా మారితే చెరువులోనూ అలాగే మారుతుంది. పైపు సన్నమైతే పోటూ పాటూ అంటే గంటల తరబడి సాగేవి కాబట్టి చెరువు వాటిని అందుకుంటుంది, కానీ పడవ పోయినప్పుడు లేచే అల చెరువు దాకా రానే రాదు, పైపులో నాలుగు చుక్కలు కదిలేలోపే అల వెళ్లిపోతుంది. చెరువు ఎంత పెద్దదైతే అంత మొద్దు. ఇందులో పైపు రెసిస్టెన్స్, చెరువు కేబుల్ కెపాసిటెన్స్. పోటు మృదంగం తొప్పి, పడవ అల తాళాల చప్పుడు. సన్నపైపు, పెద్దచెరువు కలిస్తే తాళాలే ముందు పోతాయి.

అంకెల్లో పెడదాం. కేబుల్ మీటరుకి 100 పికోఫారడ్లనుకుంటే 5 మీటర్లకి 500, యాంప్ నోటి దగ్గర ఇంకో 200, మొత్తం 700. పాట్ 50 కిలో ఓమ్‌లది. దాన్ని సగం వోల్టేజి దగ్గర ఆపితే పైన 25, కింద 25, యాంప్ వైపు నుంచి చూస్తే రెండూ సమాంతరం, అంటే 12.5 కిలో ఓమ్‌లు. పై ధ్వనులు మూడు డెసిబెల్స్ పడిపోయే చోటు 18 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేస్తుంది. పాట్ 100 కిలో ఓమ్‌లదైతే 9 కిలోహెర్ట్జ్, ఇక దుప్పటి కప్పినట్టే. అదే 10 కిలో ఓమ్‌ల పాట్, ఒక్క మీటరు కేబుల్ అయితే 200 కిలోహెర్ట్జ్ దాటిపోతుంది, గబ్బిలానికి కూడా చాలినంత.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. ఆ 12.5 అనేది సగం వోల్టేజి దగ్గర మాత్రమే, అదే అన్నిటికన్నా చెడ్డ చోటు. మామూలుగా వినేది గరిష్ఠానికి 30 డెసిబెల్స్ కిందనైతే పాట్ కింది భాగం 1.6 కిలో ఓమ్‌లే, పైపు మళ్ళీ లావైపోయింది. కాబట్టి తక్కువ సౌండ్‌లో బాగుండి, పండగనాడు చుట్టాల కోసం నాబ్ పైకి తిప్పినప్పుడు మొద్దుబారే సిస్టమ్ నిజంగానే ఉంటుంది, అది భ్రమ కాదు. ఇదంతా ఇంటర్‌లో చెప్పే పొటెన్షియల్ డివైడర్ లెక్కే. పిల్లల చేత దాన్ని ఎంట్రన్స్ బిట్టుగా వందసార్లు చేయిస్తారు, వాల్యూమ్ నాబ్ విప్పి లోపల అదే ఉందని ఒక్కసారి చూపించరు.

కరెంటుతో నడిచే యాక్టివ్ ప్రీయాంప్ నిజంగా అక్కరకొచ్చేది ఇందుకే. అది వోల్టేజి పెంచక్కర్లేదు, పెంచకపోయినా పర్లేదు. సన్న పైపుని 100 ఓమ్‌ల లావు పైపుగా మార్చి ఇస్తే చాలు, శివారు భూమికి కూడా అల అందుతుంది. పాతకాలపు మండువా ఇల్లు, ప్లేయర్ ఒక గదిలో, యాంప్ అవతలి వసారాలో, మధ్యలో 12 మీటర్ల కేబుల్, ప్లేయర్ తర్వాత పాట్ తప్ప ఏమీ లేదు. ఇలాంటి ఇంట్లో ప్రీయాంప్ పెట్టగానే పాట విచ్చుకుందంటే నేను వెంటనే నమ్ముతాను. రికార్డులు వినేవాళ్లకి పిన్ను ఇచ్చే మిల్లీవోల్టుల్ని పెంచే ఫోనో స్టేజ్ ఎలాగూ కావాలి. వాల్వు ప్రీయాంప్ కొనేవాళ్లు మాత్రం యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, చూసుకోవాలి: వాల్వుల చివర 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండి, యాంప్ 10 కిలో ఓమ్‌లదైతే 34 హెర్ట్జ్ కింద బేస్ జారిపోవడం మొదలవుతుంది. వాల్వులు కలిపే కాస్త రంగు ఇష్టమైతే కొనుక్కోండి, అది రుచి, తప్పేం లేదు. శుద్ధత అని మాత్రం పేరు పెట్టకండి.

మరి షాపులో విన్నప్పుడు తేడా తెలిసింది కదా? తెలుస్తుంది, ఎందుకంటే పెట్టె పెట్టగానే సౌండ్ ఒక పిసరు పెరిగింది. ఒక డెసిబెల్ పెరిగితే మనకి సౌండ్ పెరిగినట్టు అనిపించదు, "బాగున్నట్టు" అనిపిస్తుంది. సౌండ్ తగ్గేకొద్దీ చెవికి బేస్ ఇంకా ఎక్కువగా తగ్గిపోతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు, కాబట్టి కొంచెం పెంచితే పాట నిండుగా అవుతుంది. కేబుల్ మీద బాణం గుర్తు ఎటు ఉండాలి, స్పీకర్ ఈశాన్యంలో ఉండొచ్చా అని అడిగేవాళ్లు కూడా ఈ ఒక్క డెసిబెల్‌ని పట్టించుకోరు. ఈశాన్యం మూలైనా, నైరుతి మూలైనా, మూలకి నెడితే బేస్ పెరుగుతుంది. ఆ సంగతి గోడకే తెలుసు, దిక్కుకి తెలియదు.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. పెట్టె వారం రోజులకి తెచ్చుకోండి, కుదరదంటే కొనకండి. 200 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులలో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలవండి. చవక మీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో అబద్ధాలు చెప్తాయి, అందుకే 200. ప్రీయాంప్ ఉన్నప్పుడు, లేనప్పుడు రీడింగ్ ఒక శాతం లోపల కలవాలి: 1.00 వోల్టుకి 1.01 దాకా ఫరవాలేదు, 1.05 అయితే ఆట చెల్లదు. తర్వాత ఇంట్లో కుర్రాడెవరినైనా బొమ్మా బొరుసూ వేసి, మీకు కనపడకుండా మార్చమనండి. మార్చేముందు ప్రతిసారీ యాంప్ ఆపాలి, వైర్లు మార్చినా మార్చకపోయినా వాడు ఒకేలా చప్పుడు చేయాలి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్తే అది గాలివాటం కాదనుకోవచ్చు, ఊరికే ఊహిస్తే అంత రావడానికి వందకి నాలుగు పాళ్లే అవకాశం.

మన ప్రాంతానికి సంబంధించినవి రెండు చెప్పాలి. సముద్రపు గాలికి కేబుల్ చివరుండే ఆర్సీఏ పిన్నులు మసకబారతాయి, పాట్‌లు గరగరమంటాయి. కొత్త పెట్టెతో "తెర తొలగినట్టు" అనిపిస్తే, ముందు పాత పిన్నులు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి వినండి, తెర అక్కడే ఉండొచ్చు. రెండోది గుయ్యిమనే 50 హెర్ట్జ్ హమ్. చాలాసార్లు అది టీవీ కేబుల్ దారిన వచ్చే ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ అయి మధ్యలో తిరిగే కరెంటు), ఆ కేబుల్ ఒకసారి పీకి చూస్తే తెలిసిపోతుంది. ఇంకో పెట్టె కలిపితే ఇంకో లూప్‌కి దారి. హమ్ పోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, ప్రాణాలమీదికొస్తుంది.

మాష్టారూ, మీ ప్లేయర్ మాన్యువల్‌లో అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అన్న లైను చూడండి. కొన్ని వందల ఓమ్‌లు ఉండి, కేబుల్ మీటరో రెండు మీటర్లో అయితే, మీది నిండు కాలువ పక్క చేను, ఆ 45 వేలు జేబులోనే ఉండనీయండి. ఒక్క జాగ్రత్త: కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని ప్లేయర్లు వాల్యూమ్‌ని గరిష్ఠానికి తెచ్చుకుని లేస్తాయి, మధ్యలో ఇంకో నాబ్ లేదు కాబట్టి ఆ 2 వోల్టులూ నేరుగా యాంప్‌లోకి వెళ్తాయి, దాని పూర్తి బలం స్పీకర్ మీద పడుతుంది. కరెంటు పోగానే యాంప్ స్విచ్ కట్టేయండి, తిరిగొచ్చాక ముందు ప్లేయర్ వేసి, అంకె చూసుకుని, ఆఖర్న యాంప్ వేయండి.