హెచ్‌ఆర్ సేవా కేంద్రాల వివాదం: అసలు మలుపు మిషిగన్‌లో

పరిశోధన గ్రాంట్ల మీద పరోక్ష ఖర్చుల (భవనాలు, కరెంటు, పాలన లాంటి ఉమ్మడి ఖర్చుల) కింద 15 శాతానికి మించి ఇవ్వబోమని 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ప్రకటించింది. కోర్టులు దాన్ని ఆపాయి గానీ, పాలనా ఖర్చు మీద పడ్డ చూపు మాత్రం మళ్లలేదు. దాంతో విశ్వవిద్యాలయాల పొదుపు జాబితాల్లోకి పాత ప్రతిపాదన ఒకటి మళ్లీ వచ్చి చేరుతోంది. డిపార్ట్‌మెంట్లలో చెదిరి ఉన్న నియామకాలు, జీతాలు, సెలవుల పనినంతా ఒకే హెచ్‌ఆర్ కేంద్రానికి తరలించాలన్నది దాని సారాంశం. షేర్డ్ సర్వీసెస్ అనే ఈ పద్ధతి కార్పొరేట్ కంపెనీల్లో పుట్టి, కన్సల్టెంట్ల వెంట క్యాంపస్‌లోకి నడిచొచ్చింది. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2013 చివర్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చూడాలి.

అక్కడ ఆ పథకం పేరు అడ్మినిస్ట్రేటివ్ సర్వీసెస్ ట్రాన్స్‌ఫర్మేషన్. కన్సల్టెంటు యాక్సెంచర్. హెచ్‌ఆర్, ఫైనాన్స్ పనులు చేసే దాదాపు 275 మందిని డిపార్ట్‌మెంట్ల నుంచి తీసి, ప్రధాన క్యాంపస్‌కు దూరంగా ఉన్న వుల్వరీన్ టవర్‌లో కూర్చోబెట్టాలన్నది ప్రణాళిక. సంగతి ముందే తెలిసిన కొందరు డిపార్ట్‌మెంట్ అధిపతులకు, ఎవరి కుర్చీలు కదలబోతున్నాయో ఆ సిబ్బందికి చెప్పొద్దన్న ఆంక్ష పెట్టారు. అది బయటపడగానే డిపార్ట్‌మెంట్ల నుంచి వరసగా బహిరంగ లేఖలు వచ్చాయి. వెయ్యి మందికి పైగా ఫ్యాకల్టీ వినతిపత్రం మీద సంతకాలు చేశారు. తరలి వెళ్లాల్సినవారిలో ఎక్కువ మంది మహిళలన్న సంగతిని కూడా ఆ లేఖలు ఎత్తిచూపాయి.

ఈ గొడవను చాలామంది ఆత్మగౌరవ సమస్యగానో, ప్రొఫెసర్ల మొండితనంగానో రాశారు. అసలు దెబ్బ మాత్రం లెక్క దగ్గర తగిలింది. ఏటా 17 మిలియన్ డాలర్లు మిగులుతాయని మొదట చెప్పిన అంచనా, ప్రశ్నలు పెరిగేకొద్దీ దాదాపు మూడో వంతుకు జారింది. ఎందుకు జారిందో తెలిస్తే, అలాంటి ఏ ప్రతిపాదన ఎక్కడ బెడిసికొడుతుందో ముందే చెప్పేయొచ్చు.

ఈ పథకాలు సాధారణంగా ఒక సర్వేతో మొదలవుతాయి. మీ పని సమయంలో ఎంత శాతం హెచ్‌ఆర్‌కు, ఎంత కొనుగోళ్లకు, ఎంత ప్రయాణ బిల్లులకు పోతోందని ప్రతి ఉద్యోగినీ అడుగుతారు. పది చిన్న డిపార్ట్‌మెంట్లలో ఒక్కొక్కరు 30 శాతం అని రాస్తే, కన్సల్టెంటు షీటులో అది మూడు పూర్తి ఉద్యోగాలు. కేంద్రంలో ఇద్దరితో ఆ పని నడిపిస్తే ఒక ఉద్యోగం మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ ఆ పది మందిలో ఎవరినీ తీసెయ్యలేరు, ఎందుకంటే మిగతా 70 శాతం పని అక్కడే ఉంది. ప్రయోగశాల తాళాల దగ్గర్నుంచి సెమినార్ ఏర్పాట్లు, విద్యార్థుల ఫైళ్లు, అతిథి అధ్యాపకుల గది దాకా అన్నీ వాళ్లవే. పది మందిలో ముగ్గుర్ని కేంద్రానికి పంపారనుకోండి, వాళ్లు వదిలిపోయిన 70 శాతాలు మూడూ కలిపి రెండు ఉద్యోగాలకు పైనే. ఆ బరువు పక్కవాళ్ల మీదో, ప్రొఫెసర్ల మీదో పడుతుంది. ప్రొఫెసరు ఫారాలు నింపే గంట ఏ పొదుపు పట్టికలోనూ ఖర్చుగా ఎక్కదు.

మిషిగన్ ఆ తరలింపును వాయిదా వేసింది. 2014 ఆగస్టులో కేంద్రం తెరుచుకునే నాటికి పథకం పరిధి బాగా తగ్గిపోయింది.

అంతకు ముందే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో ఇదే దారి తొక్కారు. 2009-10లో బెయిన్ అనే కన్సల్టింగ్ కంపెనీతో అధ్యయనం చేయించి, క్యాంపస్‌కు దూరంగా ఫోర్త్ స్ట్రీట్‌లో క్యాంపస్ షేర్డ్ సర్వీసెస్ పెట్టారు. కొన్నేళ్లు తిరగకముందే, 2016లో దాన్ని విడగొట్టి, ఒక్కో బృందం కొన్ని డిపార్ట్‌మెంట్లకు దగ్గరగా పనిచేసే ప్రాంతీయ పద్ధతి వైపు మళ్లారు. ఇవాళ కేంద్రీకరణను సమర్థించేవారు బర్క్‌లీ ఆరంభాన్ని చెప్పినంత గట్టిగా ఈ మళ్లింపును చెప్పరు.

పరిపాలన వైపు వాదనలోనూ పస ఉంది. చిన్న డిపార్ట్‌మెంటులో జీతాల పని తెలిసింది ఒక్కరికే. వాళ్లు సెలవు పెడితే నియామకం ఆగుతుంది. ఒకే మనిషి నియామకం నమోదు చేసి, గంటలు ఆమోదించి, జీతం కూడా సరిచూసుకుంటుంటే ఆడిటర్ ఊరుకోడు. ఒకే రకం సెలవును రెండు డిపార్ట్‌మెంట్లు రెండు రకాలుగా లెక్కగట్టడం ఎక్కడైనా కనిపించేదే.

చిక్కల్లా ఏ పని కదులుతుంది, ఏది కదలదు అన్న దగ్గరే. చిరునామా మార్పు, బ్యాంకు ఖాతా మార్పు, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ, బెనిఫిట్ల నమోదు లాంటివి ఎక్కడ కూర్చున్నా చెయ్యొచ్చు, కేంద్రంలో ఇంకా బాగా చెయ్యొచ్చు. గ్రాంట్ల మీద జీతం తీసుకునే పరిశోధకుడి సంగతి వేరు. జీతంలో 60 శాతం ఒక గ్రాంటు, 40 శాతం మరొకటి భరిస్తుంటాయి. మొదటిది మే 31తో ముగుస్తుంది. కొత్త పంపకం పేరోల్ గడువు లోపల సిస్టమ్‌లోకి ఎక్కకపోతే, జూన్ జీతం ముగిసిన గ్రాంటు ఖాతాలో పడుతుంది. తర్వాత కారణం రాసి ఖర్చు మార్చుకోవాలి. 90 రోజులు దాటితే చాలాచోట్ల అదనపు సంజాయిషీ, పై సంతకం కావాలి. గ్రాంటు పొడిగింపు వస్తుందో రాదో మొదట తెలిసేది ప్రయోగశాల పక్కగదిలోని మనిషికి. కేంద్రంలోని ఉద్యోగి టికెట్, అంటే సిస్టమ్‌లో నమోదైన అభ్యర్థన, వస్తే తప్ప కదలడు. అతని తప్పేం లేదు, ఆ కొలువు అలా కట్టిందే.

అమెరికాలో పనిచేసే అర్హతను ధ్రువీకరించే ఐ-9 ఫారం కూడా అంతే. ఉద్యోగి తన భాగాన్ని చేరిన రోజుకల్లా నింపాలి, సంస్థ మూడు పనిదినాల్లో అసలు పత్రాలు చూసి సంతకం పెట్టాలి. ప్రభుత్వ ఆన్‌లైన్ తనిఖీ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉన్న సంస్థలకు, కోవిడ్ కాలపు తాత్కాలిక సడలింపును పక్కన పెడితే, వీడియోలో చూసే వెసులుబాటు వచ్చింది 2023 ఆగస్టులోనే. అంతకు ముందు కేంద్రం దూరంగా ఉంటే కొత్తగా పనిలో చేరిన విద్యార్థి అక్కడికి వెళ్లాలి, లేదా డిపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు ఆ పని చేస్తూనే ఉండాలి. సాధారణంగా జరిగింది రెండోదే. కేంద్రానికి టికెట్ తెరవడం, దాని వెంటపడటం, తిరిగొచ్చిన తప్పులు దిద్దడం కోసం డిపార్ట్‌మెంట్లు వేరే హోదా పేరుతో మనుషుల్ని పెట్టుకున్నాయి. దాంతో ఒకే పనికి రెండు చోట్ల జీతాలు పోతాయి.

తర్వాతి పెద్ద అధ్యాయం యూసీపాత్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ మొత్తానికీ ఒకే జీతాల వ్యవస్థ, రివర్‌సైడ్‌లో ఒకే కేంద్రం. పాత పేరోల్ సాఫ్ట్‌వేర్ దశాబ్దాల నాటిది, మార్చడం తప్పనిసరి. కానీ 2017 నాటికి అంచనా వ్యయం 504 మిలియన్ డాలర్లకు చేరిందని రాష్ట్ర ఆడిటర్ తేల్చారు. లాస్ ఏంజెలెస్, శాంటా బార్బరా క్యాంపస్‌లు 2018 సెప్టెంబరులో అందులోకి మారాయి. విద్యార్థి బోధకుల నియామకాలు ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చిపడే కాలం అదే. ఆ బోధకులకు జీతాలు ఆలస్యమయ్యాయి, కొందరికి తక్కువ పడ్డాయి, సంగతి యూనియన్ దాకా వెళ్లింది. నెల జీతంతో అద్దె కట్టే విద్యార్థికి, టికెట్ సగటున ఎన్ని గంటల్లో మూసేశారన్న కేంద్రం నివేదికతో పనిలేదు. మొదటి జీతం సమయానికి, సరైన ఖాతా నుంచి, పూర్తిగా పడిందా అన్నదే అతనికి కావాలి. ఆ అంకెను చాలా కేంద్రాలు కొలవనే కొలవవు. టికెట్ మూసి, మళ్లీ కొత్త నంబరుతో తెరిస్తే సగటు బాగానే కనిపిస్తుంది మరి.

ఇప్పుడు ముందుకొస్తున్న ప్రతిపాదనల్లో భాష మారింది. తరలింపు అనరు, భాగస్వామ్యం అంటారు. వర్క్‌డే లాంటి క్లౌడ్ సాఫ్ట్‌వేర్, చాట్‌బాట్ చూపించి, మామూలు ప్రశ్నలు మనిషి దాకా రావని చెబుతారు. పాస్‌వర్డు, సెలవుల నిల్వ లాంటి వాటికి అది నిజమే. కానీ పొదుపు అంకె వెనక ఉన్న సర్వే అదే సర్వే, శాతాల్ని కూడి ఉద్యోగాలుగా చూపించే పద్ధతీ అదే. మీ క్యాంపస్‌లో అలాంటి పత్రం బయటికొస్తే మూడు పేజీలు వెతకండి: డిపార్ట్‌మెంటులో మిగిలిపోయే 70 శాతం ఎవరికి అప్పగించారు, గ్రాంట్ల మీద జీతాల పంపకాన్ని కేంద్రానికి ఇచ్చారా లేక డిపార్ట్‌మెంటులోనే ఉంచారా, ప్రారంభ తేదీ ఆగస్టు, సెప్టెంబరుల్లో పడిందా. మిషిగన్‌లో ఫ్యాకల్టీ లెక్క మీద ప్రశ్నలు అడిగేకొద్దీ పొదుపు అంకె కరిగిపోయింది.