మిథైలేషన్ డేటా విశ్లేషణ: అపోహలు - వాస్తవాలు

అపోహ: రోగుల రక్తంలో ఏదైనా జన్యువు మిథైలేషన్ (డీఎన్‌ఏకు మిథైల్ గుంపులు అంటుకోవడం) మారిందంటే జబ్బు ఆ జన్యువును తాకినట్టే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రక్తంలో ఉండేది ఒకే రకం కణాలు కావు. ఏదో ఒక సైటులో (మిథైలేషన్ కొలిచే డీఎన్‌ఏ చోటు) న్యూట్రోఫిల్స్‌కు (ఒక రకం తెల్లకణాలు) 90 శాతం, మిగతా తెల్లకణాలకు 10 శాతం మిథైలేషన్ ఉందనుకోండి. న్యూట్రోఫిల్స్ వాటా 60 శాతమైతే సగటు 58 వస్తుంది. ఇన్ఫెక్షన్‌తో ఆ వాటా 70కి పెరిగితే సగటు 66 అవుతుంది. ఒక్క కణంలోనూ ఏమీ మారలేదు, అయినా 8 పాయింట్ల తేడా! అందుకే 2012లో హౌస్‌మన్ బృందం ఇచ్చిన పద్ధతితోనో, దాని తర్వాతి రూపాలతోనో కణాల వాటాలు అంచనా వేసి మోడల్‌లో పెడతాం.

పొగతాగడం సంగతీ ఇంతే. ఏహెచ్ఆర్ఆర్ జన్యువులోని సీజీ05575921 సైటులో పొగతాగేవాళ్లకు మిథైలేషన్ బాగా తగ్గుతుంది. ఎవరి ఫలితాల పట్టిక చేతికొచ్చినా నేను ముందు వెతికేది దాన్నే. అది పైవరసలో కనబడితే, రోగుల్లో పొగరాయుళ్లు ఎక్కువున్నారేమో అని అడుగుతాను.

అపోహ: బ్యాచ్ తేడాలుంటే (శాంపిళ్లను వేర్వేరు విడతల్లో కొలవడం వల్ల వచ్చేవి) ఏముంది, వాటిని సరిచేసే కాంబాట్ అనే సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది.

వాస్తవం: రోగులంతా ఒక చిప్పు (మిథైలేషన్ కొలిచే పలక) మీద, ఆరోగ్యవంతులంతా ఇంకో చిప్పు మీద ఉంటే ఏది జబ్బు ప్రభావమో, ఏది చిప్పు ప్రభావమో ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు. పంపిణీ కొంత మాత్రమే అసమంగా ఉన్నా కాంబాట్ లేని తేడాలను పుట్టించగలదు. ఈపిక్ అనే రకం చిప్పు మీద 8 శాంపిళ్లు పడతాయి. రెండు గుంపులనూ ఒక్కో చిప్పు మీద కలగలిపి పెట్టే పని ల్యాబులోనే జరగాలి.

అపోహ: పి-విలువ (అసలు తేడా లేకున్నా కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 లోపుంటే చాలు.

వాస్తవం: 8.5 లక్షల సైట్లు పరీక్షిస్తే అసలు తేడాలే లేకున్నా దాదాపు 42,500 ఆ గీత దాటేస్తాయి.

అపోహ: బీటా విలువతో (0 నుంచి 1 దాకా ఉండే మిథైలేషన్ వాటా) టెస్టు చేయడం తప్పు, ఎం-విలువే (దాన్నే లాగ్ స్కేలుకు మార్చింది) వాడాలి.

వాస్తవం: 0, 1 కొసల దగ్గర బీటా వేరియన్స్ (విలువల చెదురు) కుంచించుకుపోయే మాట నిజమే. అందుకని టెస్టు ఎం-విలువతో చేసి, తేడా ఎంతో బీటాలో చెప్పండి. శాంపిళ్లు దండిగా ఉన్నప్పుడు దీని మీద అంత గొడవ అక్కర్లేదని నా ఉద్దేశం.

అపోహ: సీక్వెన్సింగ్‌లో 50 శాతం వస్తే ఎక్కడైనా 50 శాతమే.

వాస్తవం: 4 రీడ్లలో (చదివిన డీఎన్‌ఏ ముక్కలు) 2 వేరు, 100లో 50 వేరు. పైగా ఒక గుంపులోని అందరి రీడ్లూ కుప్పపోసి ఫిషర్ టెస్టు (రెండు గుంపుల లెక్కలను పోల్చే పరీక్ష) చేస్తే మనిషికీ మనిషికీ ఉండే తేడా మాయమై, పి-విలువలు ఉత్తుత్తినే చిన్నవైపోతాయి. డీఎస్ఎస్ వంటి ప్యాకేజీలు మనిషికీ మనిషికీ ఉండే తేడాను కూడా లెక్కలోకి తీసుకునే బీటా-బైనామియల్ మోడల్ వాడేది అందుకే. శాంపిళ్లు తక్కువైతే అవి ఒక్కో సైటు వేరియబిలిటీని మిగతా సైట్ల సమాచారంతో సరిదిద్దుకుంటాయి.