మిర్రర్‌లెస్ వచ్చాక డీఎస్ఎల్ఆర్ పని అయిపోయినట్టేనా? పెళ్లి ఫోటోగ్రాఫర్ల అపోహలు, వాస్తవాలు

కడపలో ముహూర్తాల సీజన్ దగ్గర పడుతోందంటే ఫోటోగ్రాఫర్లు ఎక్కడ కలిసినా ఒకటే పంచాయితీ. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకు మారాలా, అద్దం ఉన్న పాత పద్ధతి డీఎస్ఎల్ఆర్‌తోనే ఇంకో రెండేళ్లు లాగాలా అని. నా మాట ముందే చెప్పేస్తాను. ప్రొఫెషనల్ పనికి మిర్రర్‌లెస్ సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది, సరిపోతుంది. 2020లోనే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తన ఫోటోగ్రాఫర్లందరికీ సోనీ మిర్రర్‌లెస్‌లు ఇస్తామని ప్రకటించింది, యుద్ధాలకీ ఎన్నికలకీ పనికొచ్చింది మన ఫంక్షన్ హాల్లో పనికిరాకుండా పోదు. కానీ అది పనికొస్తుందనడం వేరు, నువ్వు ఈ సీజన్‌కే అప్పు చేసి కొనాలనడం వేరు. ఈ రెండూ కలిపి మాట్లాడటం వల్లే సగం అపోహలు పుడుతున్నాయి.

అపోహ: మిర్రర్‌లెస్‌లో ఫోటో క్వాలిటీ ఎక్కువ.

లోపల అద్దం లేనంత మాత్రాన ఫోటోకు కొత్త అందం రాదు. నికాన్ డి850 డీఎస్ఎల్ఆర్, జెడ్7 మిర్రర్‌లెస్, రెండూ 45.7 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేములే (ఫోటో పట్టే సెన్సర్ పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉండేవి), రెండింటి రా ఫైళ్లు, అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫైళ్లు, పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టం. ఆల్బమ్ లెక్క చూద్దాం. మనం ఎక్కువగా వేసేది 12 బై 36 షీట్, అందులో ఒక పేజీ నిండా ఒకే ఫోటో పెట్టినా 12 బై 18 అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) చొప్పున 3600 బై 5400 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా దాదాపు 4000 బై 6000 ఇస్తుంది. అంటే 2014లో వచ్చిన డి750 కూడా పేజీ నింపి ఇంకా కాస్త మిగులుస్తుంది. పెళ్లికొడుకు బావమరిది నాలుగు వీడియోలు చూసొచ్చి "అన్నా, మీ దగ్గర మిర్రర్‌లెస్ ఉందా?" అని అడిగితే కంగారు పడకండి, మీ ఆల్బమ్ తీసి చేతిలో పెట్టండి.

అపోహ: ఐ ఫోకస్ (కెమెరాయే మనిషి కన్ను వెతికి ఫోకస్ పట్టడం) అంతా కంపెనీల ప్రచారం, చెయ్యి తిరిగినవాడికి అక్కర్లేదు.

ఇది పాతకాపులు చెప్పే మాట, దీన్ని మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే అసలు తేడా ఉన్నదే ఇక్కడ. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చే వెలుతురు అద్దం మీద పడి పైనున్న వ్యూఫైండర్‌కు పోతుంది, అందులో కొంత భాగం వెనక ఉండే ఇంకో చిన్న అద్దం మీద పడి కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు దిగుతుంది. ఫోకస్ చూసేది ఒకచోట, ఫోటో పడేది ఇంకోచోట. ఈ రెండింటి లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా 85 ఎంఎం లెన్స్‌లో 1.4 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి తీసినప్పుడు కన్ను పోయి చెవికమ్మ షార్ప్‌గా వస్తుంది. అందుకే కొన్ని డీఎస్ఎల్ఆర్ బాడీల్లో ఒక్కో లెన్స్‌కు విడిగా ఫోకస్ సరిచేసుకునే మెనూ పెట్టారు. మిర్రర్‌లెస్‌లో ఫోటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది కాబట్టి ఆ గొడవ చాలావరకు లేదు. పైగా ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ పాయింట్లు నడిమధ్యన గుంపుగా ఉంటాయి, ఫ్రేమ్ అంచున ఉన్న పెళ్లికూతురి ముఖానికి ఫోకస్ లాక్ చేసి కెమెరా పక్కకు తిప్పాల్సిందే. అడ్డుతెర దించే క్షణంలో, వెనక నుంచి చుట్టాలు తోస్తుంటే, ఆ తిప్పడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. మిర్రర్‌లెస్‌లో పాయింట్లు దాదాపు అంచుల దాకా ఉంటాయి.

అలాగని అదేం మాయ కాదు. తలంబ్రాలు ముఖానికి అడ్డంగా కురుస్తున్నప్పుడు అది తడబడుతుంది. నిఖాలో పెళ్లికొడుకు ముఖం నిండా సెహ్రా పూలు వేలాడుతుంటే అసలు కన్ను ఎక్కడుందో దానికి దొరకదు. ఒక్కోసారి పెళ్లికూతురిని వదిలేసి పంతులుగారి ముఖాన్నో, ఎదురుగా నిలబడ్డ వీడియో అబ్బాయినో పట్టుకుంటుంది. అలాంటప్పుడు ఫోకస్ ఎక్కడో మనమే ఎంచుకునే సింగిల్ పాయింట్‌కు వెనక్కి రావాలి. ఆ మార్పు ఒక బటన్‌కు ముందే పెట్టుకోండి, మండపం దగ్గర మెనూ వెతుక్కోకండి.

అపోహ: మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో ఎలా కనిపిస్తే ఫోటో అలాగే వస్తుంది.

ఉన్న వెలుతురులో తీసినప్పుడు చాలావరకు నిజమే. ఫ్లాష్ పెట్టారంటే కథ మారుతుంది. స్టూడియోలో వెలుతురు తక్కువ లోపలికి వచ్చే ఎఫ్8, 1/160 సెట్టింగ్ పెట్టి చూడండి, ఫ్లాష్ ఇంకా వెలగలేదు కాబట్టి ఎక్స్‌పోజర్ ప్రివ్యూ (ఫోటో ఎంత వెలుతురుతో వస్తుందో ముందే చూపేది) ఆన్‌లో ఉంటే వ్యూఫైండర్ నల్లగా కనిపిస్తుంది, కొత్తగా కొన్నవాళ్లు కెమెరా పాడైందని ఫోన్ చేసేది ఇందుకే. ఆ ప్రివ్యూ ఆఫ్ చేయండి, సరిపోతుంది.

అపోహ: సైలెంట్ షట్టర్ ఉంది కాబట్టి పెళ్లంతా చప్పుడు లేకుండా తీసేయొచ్చు.

ఇది నమ్మి ఫోటోలు పాడు చేసుకున్నవాళ్లు మన జిల్లాలోనే చాలామంది. సైలెంట్ అంటే కదిలే తలుపు లేని ఎలక్ట్రానిక్ షట్టర్, అందులో చాలా కెమెరాల సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతుంది. ఇప్పుడు ఏ హాల్లో చూసినా స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్, చుట్టూ రంగుల ఎల్ఈడీ లైట్లు. ఆ లైట్లు మన కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతుంటాయి, సెన్సర్ చదివే ఆ కాస్త సమయంలో అవి ఎన్నిసార్లు ఆరితే అన్ని చారలు ఫోటోలో పడతాయి. పెళ్లికూతురి పట్టుచీర మీద పడ్డ అడ్డ చారలను ఎడిటింగ్‌లో తీసేయడం ఎవరి తరమూ కాదు. పైగా చాలా బాడీల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఫ్లాష్ వెలగదు. సంగీత్‌లో వేగంగా ఊపే చేతులు వంగిపోయి కనిపిస్తాయి. 2021లో వచ్చిన నికాన్ జెడ్9కు మెకానికల్ షట్టరే లేదు, అయినా ఫ్లాష్ పనిచేస్తుంది, ఎందుకంటే దాని సెన్సర్ అంత వేగంగా చదువుతుంది. తర్వాత వచ్చిన సోనీ ఏ9 త్రీ ఇంకో మెట్టు పైకెళ్లి సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది. కానీ ఆ ధరల్లో కొనేది మనలో ఎందరు? మామూలు బాడీ ఉన్నవాళ్లు హాల్లో మెకానికల్ షట్టర్ పెట్టుకోండి, గుళ్లో ఎల్ఈడీలు లేనిచోట సైలెంట్ వాడుకోండి.

అపోహ: బ్యాటరీ సమస్య ఎప్పుడో తీరిపోయింది.

తగ్గింది కానీ తీరలేదు. కంపెనీల ప్రామాణిక లెక్కలో డి850 ఒక్క చార్జ్‌తో 1840 ఫోటోలు తీస్తుంది, సోనీ ఏ7 త్రీ వ్యూఫైండర్‌లో చూస్తూ తీస్తే 610. అసలు పనిలో రెండూ ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి, తేడా మాత్రం ఉంటుంది. మీరు ఫోటో తీయకుండా ఊరికే చూస్తున్నా సెన్సర్, స్క్రీన్ నడుస్తూనే ఉంటాయి కదా. సాయంత్రం రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం ఉన్న పెళ్లికి బాడీకి మూడు బ్యాటరీలు లేకుండా బయల్దేరకండి. ఇప్పటి బాడీల్లో చాలావాటికి పవర్ బ్యాంక్‌తో చార్జ్ పెట్టొచ్చు, పల్లెల్లో కరెంటు పోయినప్పుడు అది పెద్ద అండ.

అపోహ: పాత లెన్సులన్నీ అమ్మేయాలి. లేదా, అడాప్టర్ ఉంటే అన్నీ పనిచేస్తాయి.

రెండూ తప్పే. కెనాన్ వాళ్లకు సుఖం. డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ మౌంట్‌లో (లెన్స్ బిగించే చోటు) అక్కడి నుంచి సెన్సర్‌కు 44 మిల్లీమీటర్లు, మిర్రర్‌లెస్‌ల ఆర్ఎఫ్‌లో 20, మధ్యలో ఆ 24 మిల్లీమీటర్ల ఖాళీని నింపేదే అడాప్టర్. మామూలు అడాప్టర్‌లో గాజు ఉండదు కాబట్టి క్వాలిటీ తగ్గదు, ఆటోఫోకస్ బాగానే పనిచేస్తుంది. నికాన్ వాళ్లు మాత్రం చూసుకోవాలి. వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు, కాబట్టి తమలో మోటార్ లేని 50 ఎంఎం 1.8డి, 85 ఎంఎం 1.8డి లాంటి పాత లెన్సులకు ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవాటిలో మోటార్ ఉంటుంది, అవి పర్వాలేదు.

అపోహ: బరువు సగానికి సగం తగ్గుతుంది.

బాడీ తగ్గుతుంది, లెన్స్ తగ్గదు. కెనాన్ ఈఎఫ్ 24-70 2.8 జూమ్ లెన్స్ రెండో వెర్షన్ 805 గ్రాములు, ఆర్ఎఫ్‌లో అదే రకం లెన్స్ 900 గ్రాములు. మెడనొప్పి పోతుందని మాత్రం కొనకండి.

అపోహ: మన ఎండలకు మిర్రర్‌లెస్ ఆగదు.

2020లో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు 8కె వీడియోలో వేడెక్కి ఆగిపోతోందని పెద్ద గోల జరిగింది, అప్పటి నుంచి ఈ మాట పట్టుకున్నారు. మాన్యువల్ తీసి చూస్తే డీఎస్ఎల్ఆర్‌కైనా మిర్రర్‌లెస్‌కైనా ఎక్కువగా రాసేది 40 డిగ్రీల వరకే, మన మే నెల ఆ గీత దాటి ఉంటుంది. ఫోటోలకు ఇబ్బంది తక్కువ. గంటల తరబడి 4కె వీడియో తీస్తేనే కష్టం, వెనక స్క్రీన్ బాడీకి దూరంగా తెరిచి, నీడన పెట్టుకుని తీయండి. నన్నడిగితే ఎండకంటే దుమ్మే ఎక్కువ భయం. లెన్స్ తీయగానే చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సర్ బయటపడి ఉంటుంది. గండికోటలో ప్రీవెడ్డింగ్ షూట్‌కు వెళ్లి, ఆ లోయ అంచున గాలి కొడుతుంటే లెన్స్ మార్చారంటే సెన్సర్ మీద మచ్చలు ఖాయం. కొన్ని బాడీలు స్విచ్ ఆఫ్ చేస్తే షట్టర్ మూసుకుంటాయి, మీదాంట్లో ఉంటే ఆన్ చేసుకోండి, లేకపోతే కార్లో కూర్చుని మార్చండి.

అపోహ: డీఎస్ఎల్ఆర్ చచ్చిపోయింది, దొరికిన ధరకు అమ్మేయాలి.

కొత్త మోడళ్లు రావడం దాదాపు ఆగిపోయిన మాట నిజం. కెనాన్ 1డిఎక్స్ మార్క్ త్రీ, నికాన్ డి6, రెండూ 2020లో వచ్చాయి, వాటి తర్వాత ఆ వరసలో ఇంకోటి లేదు. కానీ మీ చేతిలో ఉన్నది దాంతో పనిచేయడం మానేయదు. ఇప్పుడు అమ్మితే మీకు వచ్చేది తక్కువ, అదే కారణంతో కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకు సెకండ్ హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ మంచి బేరం. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో ఆ లెక్క) చూసి తీసుకోండి, విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి.

మారాల్సింది ఎవరంటే, ఫోటోతో పాటు వీడియో కూడా తామే తీసేవాళ్లు. వీడియో మొదలుపెట్టగానే డీఎస్ఎల్ఆర్‌లో అద్దం పైకి లేచి వ్యూఫైండర్ మూసుకుపోతుంది, ఎండలో వెనక స్క్రీన్ చూస్తూ తీయడం నరకం. క్యాండిడ్ (పోజులు లేకుండా తీసే) ఆర్డర్లు ఎక్కువ ఉన్నవాళ్లు కూడా మారొచ్చు. స్టేజీ మీద గ్రూప్ ఫోటోలు, స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలే ఎక్కువైతే ఆ డబ్బులు మంచి ఫ్లాష్‌లకు పెట్టండి.

మారేవాళ్లు ముందు బాడీ, అడాప్టర్, బ్యాటరీలు కొనండి, కొత్త లెన్సులు తర్వాత చూద్దురుగానీ. పాత డీఎస్ఎల్ఆర్‌ను రెండో బాడీగా ఉంచుకోండి. రెండింటిలోనూ టైమ్ సెకన్లతో సహా ఒకటే పెట్టండి, లేకపోతే ఆల్బమ్ డిజైన్ చేసే అబ్బాయి దగ్గర అప్పగింతలు ముందు, మాంగల్యధారణ తర్వాత వస్తుంది.