"తిరుగుతూనే ఉంది సార్": వీడియో పాఠాలపై అపోహలు - వాస్తవాలు

ఒక యూనివర్సిటీ దూరవిద్యా విభాగంలో వీడియో పాఠాలు రికార్డు చేయించి, సర్వర్‌లోకి ఎక్కించే పని నాది. కెమెరా ముందు మాస్టారు, ఫోన్ ముందు విద్యార్థి, మధ్యలో అక్షింతలు మాకు. రెండు వైపుల నుంచీ తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: వీడియో ఆగిపోతోందంటే విద్యార్థి నెట్ స్లోగా ఉన్నట్టే.

నేనూ చాలాకాలం ఇదే జవాబు చెప్పాను. ఒక సెమిస్టర్‌లో అకౌంటెన్సీ పాఠాలు నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయని వరసగా ఫోన్లు. "సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి చూడమ్మా" అన్నాను ఒకమ్మాయితో. "మేడ మీదే ఉన్నాను సార్. యూట్యూబ్ బాగానే వస్తోంది, మీదే రావట్లేదు" అంది. అప్పుడు గానీ ఫైలు తెరిచి చూడలేదు.

ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఒకటి ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైలు చివర రాస్తాయి. మా పాత సర్వర్‌కి ఫైలులో కావలసిన భాగం మాత్రమే పంపడం చేతకాదు. దాంతో ఆ సూచిక అందేదాకా, అంటే ఫైలంతా దిగేదాకా, బొమ్మ కదలదు. మా ఆఫీసులో లైను వేగంగా ఉండబట్టి మాకా సంగతే తెలియలేదు. ఫైలు తయారుచేసేటప్పుడు 'ఫాస్ట్ స్టార్ట్' దగ్గర టిక్ పెడితే సూచిక ముందుకొస్తుంది. ఒక్క టిక్కు! ఆ అమ్మాయికి ఫోన్ చేసి సారీ చెప్పాను.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ఒకే పాఠాన్ని మూడు నాలుగు క్వాలిటీల్లో తయారుచేసి, ఒక్కోదాన్నీ కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పెడతాం. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే స్ట్రీమింగ్ పద్ధతి చేసే పని ఇదే. నెట్ తగ్గితే ప్లేయర్ తర్వాతి ముక్కను తక్కువ క్వాలిటీలో తెచ్చుకుంటుంది. బొమ్మ మసకబారుతుంది కానీ పాఠం సాగుతుంది.

అపోహ: హెచ్‌డీలో తీస్తేనే మంచి పాఠం.

కెమెరాకి లక్షలు పెట్టి, మైకు దగ్గర పిసినారితనం చూపించే చోట్లు చాలా చూశాను. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా విద్యార్థి సర్దుకుంటాడు. ఫ్యాను హోరులో మాస్టారి మాట మునిగిపోతే మాత్రం రెండో నిమిషంలోనే కట్టేస్తాడు. మా గదిలో రికార్డింగ్ మొదలయ్యే ముందు ఫ్యాను ఆపేస్తాం. ఏసీ కూడా. మే నెలలో మాస్టార్లు మమ్మల్ని ఏమనుకుంటారో అడగకండి.

లెక్క కూడా చూడండి. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో గంటకు 900 ఎంబీ తింటుంది. అదే 400 కిలోబిట్లకు తగ్గిస్తే 180 ఎంబీ. స్లైడు మీద పెద్దగా కదలిక ఉండదు కాబట్టి అంత తగ్గించినా, అక్షరాలు పెద్దవిగా వేస్తే, చదువుకోవచ్చు. 64 కిలోబిట్ల ఆడియో ఒక్కటే అయితే గంటకు 29 ఎంబీ లోపే. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో నడిచే ఫోన్‌కి ఈ తేడా చిన్నదేం కాదు.

అపోహ: స్ట్రీమింగ్ అంటే డౌన్‌లోడ్ కాదు, డేటా తక్కువ పడుతుంది.

అదీ డౌన్‌లోడే. కాకపోతే చూశాక ఫోన్‌లో మిగలదు. పరీక్షల ముందు అదే పాఠం మూడుసార్లు చూస్తే సాధారణంగా మూడుసార్లూ డేటా పోతుంది. అందుకే "ఫైలు ఇస్తే కాపీ చేసేస్తారు" అనే వాళ్లతో నేను గొడవపడి మరీ డౌన్‌లోడ్ బటన్ పెట్టిస్తాను.

అపోహ: 6 నిమిషాలు దాటితే ఎవరూ చూడరు.

ఈ అంకె గాల్లోంచి రాలేదు. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడవున్నా, మధ్యస్థ వీక్షణ సమయం 6 నిమిషాలు దాటలేదని తేల్చింది. అయితే అవి ఎవరైనా చేరగల ఉచిత కోర్సులు. డిగ్రీ కోసం ఫీజు కట్టి, పరీక్ష రాయాల్సిన విద్యార్థి సంగతి వేరు. పైగా ట్రయల్ బ్యాలెన్స్‌ని (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయో చూసే పట్టిక) సగంలో కోస్తే రెండో ముక్క ఎవరికర్థమవుతుంది? లెక్క ఎక్కడ పూర్తయితే అక్కడే కోస్తాం. అది 4 నిమిషాలు కావచ్చు, 17 కావచ్చు.

అపోహ: లైవ్ అయితే క్లాసులో ఉన్నట్టే.

మామూలు లైవ్ స్ట్రీమ్ విద్యార్థికి చేరేసరికి 20, 30 సెకన్లు ఆలస్యం కావచ్చు. మాస్టారు "అర్థమైందా?" అని అడిగి, పది సెకన్లు చూసి, "సరే అయితే" అని ముందుకెళ్లిపోతారు. ప్రశ్న అప్పటికింకా పిల్లలకు చేరనే లేదు. సందేహాలకు వీడియో కాల్ పెట్టుకోవడం మేలు.

అపోహ: పూర్తిగా చూసినట్టు నమోదైతే నేర్చుకున్నట్టే.

ఫోన్ బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్లినా నూరు శాతమే నమోదవుతుంది. ఆ అంకెతో హాజరు మార్కులు వేయాలనే ప్రతిపాదన వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్. ఎవరు ఎంత చూశారో సర్వర్ రాసుకునే లాగ్‌లో నేను చూసేది వేరే: ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూశారు అని. తరుగుదల పాఠంలో ఒకే 40 సెకన్లను చాలామంది మూడు నాలుగుసార్లు చూశారు. కష్టమైన చోటేమో అనుకుని నేనూ విన్నాను. మాస్టారు కర్ర పట్టుకుని "ఇది ఇటు, అది అటు వేస్తాం" అంటున్నారు. కర్ర కొస ఫ్రేములోనే లేదు. మర్నాడు ఆ ముక్క ఒక్కటీ మళ్లీ తీశాం. "తరుగుదల ఖాతాకి డెబిట్, యంత్రాల ఖాతాకి క్రెడిట్" అని పేర్లు పెట్టి చెప్పారు.