సబ్సిడీ మనిషికా, ఎకరానికా: అమెరికా కౌంటీల్లో 1933 నుంచి నడుస్తున్న గొడవ

అమెరికాలో పల్లె కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వ్యవసాయ సబ్సిడీ జాబితాలు చూస్తే పెద్ద మొత్తాలు కొద్దిమంది పేర్ల మీదే ఉంటాయి. పెద్ద రైతుల అత్యాశ అనేసి వదిలేయడం తేలికే గానీ, నాకైతే అసలు తప్పు మొదట్లోనే జరిగిందనిపిస్తుంది. డబ్బును దున్నేవాడికి కాకుండా ఎకరానికి ముడేశారు, ఆ ముడి ఇప్పటికీ వీడలేదు.

1933 మేలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన వ్యవసాయ సర్దుబాటు చట్టంతో ఇదంతా మొదలైంది. ధరలు కుప్పకూలి ఉన్నాయి, పంట తగ్గితేనే ధర పెరుగుతుంది, అందుకని కొంత భూమిలో పంట వేయకుండా ఉంటే ప్రభుత్వం డబ్బిస్తుంది. అప్పటికే పత్తి మొలిచి ఎదిగిపోయింది కాబట్టి ఆ వేసవిలో దాదాపు కోటి ఎకరాల పైరును దున్నించేశారు. మొక్క తొక్కకుండా సాళ్ల మధ్య నడవడం నేర్చిన కంచరగాడిదలు పైరు మీదికి తోలితే మొరాయించాయని ఆ రోజుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒప్పందం మాత్రం భూమి యజమానితో. పాలుకి చేసేవాళ్లకు యజమానే వాటా ఇవ్వాలి. చాలాచోట్ల ఇవ్వలేదు, పైగా సాగు తగ్గింది కదా అని గుడిసెలు ఖాళీ చేయించారు. 1934లో ఆర్కన్సాలోని టైరొంజాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి దక్షిణాది కౌలుదారుల సంఘం పెట్టుకుంది ఇందుకే. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అలా కలిసి కూర్చోవడానికే ఎంత గుండెధైర్యం కావాలి!

1936లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 1938లో ఇంకో చట్టం వచ్చింది, ఎకరాల లెక్క అలాగే ఉండిపోయింది. పథకాలను ఊళ్లో నడిపింది రైతులే ఎన్నుకున్న కౌంటీ కమిటీలు. వినడానికి బాగుంటుంది, కానీ ఎన్నికయ్యేది పలుకుబడి ఉన్నవాళ్లు. అప్పుల్లో, సబ్సిడీల్లో తమకు అన్యాయం జరిగిందని నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖ మీద వేసిన పిగ్‌ఫర్డ్ కేసు 1999లో గానీ రాజీకి రాలేదు. ఈలోపు ఎంతమంది భూములు పోగొట్టుకుని ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది.

1996లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) పంటకూ చెల్లింపుకూ ఉన్న లింకు తెంపేసింది. ఒకప్పుడు ఆ పంట వేసినట్టు పాత రికార్డులో ఎకరం ఉంటే చాలు, పండ్లు, కూరగాయలు తప్ప దాదాపు ఏం వేసినా, అసలేం వేయకపోయినా డబ్బొచ్చేది. దాంతో టెక్సాస్‌లో ఒకప్పుడు వరి పండిన నేలను ఇళ్ల స్థలాలుగా అమ్మితే, కొనుక్కున్నవాళ్లకు ఇంటి వెనక ఖాళీ జాగా మీద కూడా చెక్కు వచ్చిందని 2006లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. ఈ నేరుగా ఇచ్చే చెల్లింపులు 2014 చట్టంతో ఆగాయి.

వాటి బదులు వచ్చినవాటిలో ఒకటి కౌంటీ సగటు ఆదాయం మీద నడుస్తుంది. కౌంటీ మొత్తం మీద ఆ పంట ఆదాయం హామీ మట్టం కంటే పడిపోతేనే డబ్బు, అదీ పాత రికార్డు ఎకరాలకే. మీ ఒక్క పొలం మీద వడగళ్లు పడితే ఈ పథకంలో ఏమీ రాదు. రోడ్డుకి ఇటు ఒక కౌంటీ, అటు ఇంకో కౌంటీ అయితే ఒకే వాన, ఒకే మట్టి, చెక్కులు మాత్రం వేరు. 2019లో చైనాతో సుంకాల గొడవకు పరిహారం ఇచ్చినప్పుడూ అంతే, కౌంటీని బట్టి ఎకరానికి 15 డాలర్ల నుంచి 150 డాలర్ల దాకా.

అమెరికాలో దాదాపు 40 శాతం వ్యవసాయ భూమి కౌలుదే. డబ్బు రూపంలో కౌలు కట్టి సాగు చేసేవాడికే చెల్లింపు రావాలని నిబంధన ఉంది, వస్తుంది కూడా. కానీ ఆ నేల మీద ఎంత వస్తుందో యజమానికి తెలుసు కదా, మళ్లీ కౌలు మాట్లాడుకునేటప్పుడు అందులో కొంత కౌలు పెంపు కిందే పోతుంది.